ఆంటీ నేర్పిన డ్రైవింగ్

మొన్న ఆదివారం మా అమ్మాయికి మొదటిసారి స్టీరింగ్ అప్పజెప్పి పక్క సీట్లో కూర్చున్నాను. కారు ఇంకా కదలనే లేదు. అద్దం సరిచేసుకుంటోంది, పాపం. అంతలోనే నా నోట్లోంచి పెద్ద కేక వచ్చింది.

"కియా టూపాటో!"

అది ఉలిక్కిపడి నా వైపు తిరిగింది. "అమ్మా, చిల్! హ్యాండ్‌బ్రేక్ కూడా తియ్యలేదింకా. అయినా మావోరీలో అరుస్తావేంటి?"

జాగ్రత్త అని ఆ మాటకి అర్థం. ప్రొద్దుటూరులో పుట్టి, పెళ్ళయ్యేదాకా సైకిలు తప్ప ఏమీ ఎరగని నాకు కారు నేర్పింది ఒక మావోరీ పెద్దావిడ, మేముండే ఈ దేశపు మూలవాసి. నేర్పినన్నాళ్ళూ ఆవిడ ఎక్కువగా వాడిన మాట అదే. ఇంజను స్టార్టవడానికి తాళం ఎంత అవసరమో ఆ కేక కూడా అంతే అవసరమని నా ఒంటికి అలవాటైపోయింది. ఆవిడ పోయి పన్నెండేళ్ళయింది. మా అమ్మాయికి ఆవిడ గుర్తులేదు, అప్పుడు దానికి నాలుగేళ్ళు. ఆ పూట కారు అక్కడే ఉంచి దానికి ఆవిడ కబుర్లు చెప్పడం మొదలుపెట్టాను. చెబుతుంటే నవ్వాగలేదు. డ్రైవింగ్ పాఠం ఎటు పోయిందో ఇద్దరికీ తెలీదు.

ఆవిడ పేరు రాయను. నేనెప్పుడూ పేరుతో పిలిచింది లేదు. క్లాసులో వాళ్ళకీ, వీధి చివర డెయిరీ షాపు అతనికీ, మా ఆయనకీ, నాకూ ఆవిడ ఆంటీనే. పెద్ద వయసు ఆడవాళ్ళని మనలాగే మావోరీలు కూడా ఆంటీ అనే అంటారు. వచ్చిన కొత్తలో ఈ దేశంలో నాకు ఇబ్బంది లేకుండా నోరు తిరిగిన మొదటి మాట అదొక్కటే. ఆవిడ మాట్లాడింది ఇంగ్లీషు. కానీ నా చెవుల్లో ఆ ఇంగ్లీషంతా మా ప్రొద్దుటూరు పెద్దమ్మ గొంతుతోనే నిలిచిపోయింది. అలాగే రాస్తాను, నాకు ఇంకోలా రాయడం చేతకాదు.

అప్పట్లో మేం లోవర్ హట్‌లో ఉండేవాళ్ళం. మా ఆయన రోజూ రైలెక్కి వెల్లింగ్టన్ ఆఫీసుకి వెళ్ళేవాడు. నేను చిన్నపిల్లల బడిలో సహాయకురాలిగా చేరాను. అక్కడ పిల్లలకి రోజూ మావోరీ పాటలు పాడించాలి. నాకు రాగం వచ్చేది, మాటలు వచ్చేవి కావు. మా హెడ్డు రెండు వారాలు విని, కమ్యూనిటీ హాల్లో మంగళవారం సాయంత్రాలు మావోరీ క్లాసులున్నాయి, వెళ్ళిరమ్మంది.

మొదటి రోజు వెళ్ళేసరికి తలుపు పక్క కుర్చీలో ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. డెబ్భై దాటి ఉంటాయి. లావుపాటి నీలం కోటు, నెరిసిన జుట్టు ముడి, గడ్డం మీద పుట్టుమచ్చ. చూడగానే మావోరీ అని తెలుస్తోంది. ఇంక నాకేం అనుమానం? ఎదురుగా నిలబడి, చేతులు కట్టుకుని, "గుడ్ ఈవినింగ్ టీచర్" అన్నాను.

ఆవిడ నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"ఏం మే, నేను టీచరు మాదిరి ఉండానా? నేనూ నీ బ్యాచే. కూర్చో."

నేను నాలుక కరుచుకుని ఆ పక్కనే కూర్చున్నాను. అసలు మాస్టారు ముప్ఫై ఏళ్ళ గడ్డం కుర్రాడు. పదముగ్గురం విద్యార్థులం. తన సొంత భాష నేర్చుకోడానికి డెబ్భై ఏళ్ళ మనిషి అఆల క్లాసుకి రావడమేమిటో నాకు ఆ రోజు అర్థం కాలేదు.

మావోరీలు తమ గురించి చెప్పుకునేటప్పుడు పేరు చివర్లో వస్తుంది. ముందు నా కొండ ఫలానా, నా నది ఫలానా అని చెప్పాలి. నా వంతు వచ్చింది. కొండ అంటే నల్లమల అన్నాను. నది దగ్గర తడబడ్డాను.

"సార్, మా పెన్నా నది ఏడాదిలో పది నెలలు ఇసకే. చెప్పుకోవచ్చా?"

"నీళ్ళున్నా లేకపోయినా మీ నదేగా. చెప్పండి" అన్నాడు మాస్టారు.

పక్కన కుర్చీ కిర్రుకిర్రుమని ఊగింది. చూస్తే ఆంటీ. బయటికి చప్పుడు రానివ్వకుండా ఒళ్ళంతా కుదిపేసుకుని నవ్వుతోంది. ఆవిడ నవ్వు ఎప్పుడూ అంతే, కుర్చీకి ముందు తెలిసేది.

నేను తప్పు చెబితే కుర్చీ కింద నుంచి నా మడమ మీద చిన్న తన్ను పడేది. ఒప్పయితే ఏమీ ఉండేది కాదు. నాలుగు మంగళవారాలకి నా మడమ కందిపోయింది, నాకు సంగతీ తెలిసిపోయింది. ఈవిడకి మొత్తం వచ్చు. మాస్టారు పుస్తకం తిరగేసి వెతుక్కునే మాటలు కూడా వచ్చు. కానీ ఆవిడ వంతు రాగానే చిత్రమైన పని చేసేది. రెండు అరచేతులూ తొడల కింద దూర్చి, వాటి మీద బరువేసి కూర్చునేది. తల అడ్డంగా ఊపి, "వచ్చే వారం" అనేది ఇంగ్లీషులో. మాస్టారు ఒక్క క్షణం ఆగి తర్వాతి మనిషి వైపు తిరిగేవాడు. ఆ వచ్చే వారం రెండు నెలలైనా రాలేదు.

క్లాసయ్యాక ఆవిడే నన్ను తన తెల్లకారులో ఇంటి దగ్గర దింపేది. ఒకరోజు అడిగింది, "నీకు లెర్నర్ లైసెన్సు ఉంది కదా మే, ఎందుకు నడపవు?"

ఉన్నమాట చెప్పాను. మా ఆయన రెండు ఆదివారాలు నేర్పాడు. మూడో ఆదివారం సోఫాలోంచి లేవకుండా, "మనకి కారు ముఖ్యమా, కాపురం ముఖ్యమా?" అని అడిగాడు. ఇద్దరం కాపురానికే ఓటేశాం.

ఆంటీ కారు డాష్‌బోర్డు మీద చెయ్యి కొట్టి నవ్వింది. "శనివారం పదింటికి వస్తా. చెప్పులు కాదు, బూట్లేసుకో."

శనివారం వచ్చింది. పిల్లని మా ఆయన చేతిలో పెట్టి బయల్దేరాను. సందుల్లో బాగానే తిప్పాను. మెయిన్ రోడ్డు మీద రౌండబౌట్ ఎదురైంది. కుడి పక్కనుంచి వచ్చేవాళ్ళకి దారివ్వాలని పుస్తకంలో బట్టీపట్టాను, పరీక్షలో రాశాను, మార్కులు కూడా వచ్చాయి. కానీ ఊళ్ళో పెరిగిన ఒళ్ళు కదా, సందు కనిపిస్తే ముక్కు దూర్చేయడమే తెలుసు. దూర్చేశాను. కుడి వైపు నుంచి బస్సు.

"కియా టూపాటో! ఎ టూ! ఎ టూ!" పక్కనుంచి కారంతా దద్దరిల్లేంత గొంతు.

"అమ్మోయ్!" అని నేను.

బ్రేకు తొక్కాను. ఇంజను ఆగిపోయింది. బస్సు డ్రైవరు మా ముందు నుంచి తల ఊపుకుంటూ వెళ్ళిపోయాడు. వెనక ఎవరో హారన్ కొడుతున్నారు. ఆంటీ కదలకుండా కూర్చుంది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

"నేనిప్పుడు ఏమంటి?"

"జాగ్రత్త అన్నారు, ఆగమన్నారు."

"ఏ భాషలో?"

"మీ భాషలోనే ఆంటీ."

సీటు ఊగడం మొదలైంది. ఈసారి నవ్వు బయటికి కూడా వచ్చింది. హారన్లు పెరుగుతున్నాయి, ఆవిడ నవ్వుతూనే ఉంది, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, నాకు కారు స్టార్టవడం లేదు. చివరికి ఇద్దరం దిగి సీట్లు మార్చుకున్నాం. ఆవిడ నదిగట్టు దగ్గరికి తీసుకెళ్ళి కారాపి, ఫ్లాస్కులోంచి టీ పోసి అప్పుడు చెప్పింది.

"అరవై ఏండ్లు దాటింది మే, ఆ మాటలు నా గొంతు దాటి బయటికొచ్చి."

ఆరేళ్ళప్పుడు ఆవిణ్ని నేటివ్ స్కూల్లో వేశారు. మావోరీ పిల్లల కోసమే పెట్టిన బళ్ళు అవి. మొదటిరోజు దాహమేసి తనకి తెలిసిన ఒక్క భాషలో నీళ్ళడిగింది. అరచేతులు చాపమన్నారు. తోలు బెల్టుతో రెండు చేతుల మీదా కొట్టారు. మర్నాడు ఏదో మరిచిపోయి మళ్ళీ అదే భాషలో మాట్లాడింది, మళ్ళీ కొట్టారు. అలా కొన్నాళ్ళకి మాట పెదాల దాకా వస్తే అరచేతులు మండటం మొదలైంది. పెళ్ళయ్యాకా అంతే, పిల్లలు పుట్టాకా అంతే. ఎవరేమన్నా అర్థమయ్యేది, జవాబు ఇంగ్లీషులో వచ్చేది.

"మా అక్క బడికి పోలేదు. ఇంట్లో చిన్నపిల్లోల్ని చూసుకోను ఉంచేసినారు. దానికి భాష ఉండిపాయె. నాకు తెలివెక్కువని నన్ను బడికి పంపితే, నేను తెలివిగా పోగొట్టుకొని వచ్చినా" అంది. ఆ మాటకీ నవ్వింది కానీ నాకు నవ్వు రాలేదు. కోపం వచ్చింది. నీళ్ళడిగిన పిల్లని కొట్టిన చెయ్యి ఎవరిదో గానీ, ఆ చేతి మీద నాకు ఇవాళ్టికీ కోపమే.

ఆవిడ క్లాసుకి ఎందుకొచ్చిందో కూడా అప్పుడే తెలిసింది. ఆవిడ వంశం వాళ్ళందరికీ కలిపి కొండల అవతల సముద్రం దగ్గర ఒక ఉమ్మడి ఇల్లుంది, మరాయ్ అంటారు. అక్కడికి ఎవరొచ్చినా గేటు దగ్గర ఆగిపోవాలి. ఇంటి వరండాలోంచి ఒక ఆడమనిషి గొంతెత్తి పిలవాలి. ఆ పిలుపు పడితేనే లోపలికి అడుగు వెయ్యాలి. మనకి బొట్టుపెట్టి పిలవడం ఎలాగో వాళ్ళకి అంతకు పదింతలు. పిలిచే పని ఆ ఇంటి ఆడవాళ్ళలో పెద్దావిడది. ఇన్నేళ్ళూ అక్క పిలిచేది. కిందటి చలికాలం అక్క పోయింది. ఇప్పుడు పెద్ద ఈవిడే. ఈవిడ నోరు తెరవదు కాబట్టి పక్క లోయలోని చుట్టాలావిణ్ని అరువు తెచ్చుకుంటున్నారు. నవంబరులో మా క్లాసంతా ఆ ఇంటికే వెళ్ళి రెండు రోజులుండాలని మాస్టారు నిర్ణయించాడు. ఆ రోజు కూడా ఈవిడ పిలవలేకపోతే, ఇక ఆ పని చుట్టాలావిడకే ఇచ్చేద్దామని ఇంట్లోవాళ్ళు అనుకున్నారు.

"వేరే ఇంటి గొంతుతో మా ఇంటికి పిల్చుకోవాల" అంది ఆంటీ. ఒక్కసారే అంది. ఫ్లాస్కు మూత బిగించడానికి మాత్రం చాలాసేపు పట్టింది.

ఆ రోజు నుంచి మా ఇద్దరికీ ఒప్పందం. కార్లో ఉన్నంతసేపూ ఆవిడ మావోరీలోనే చెప్పాలి, నేను అది విని నడపాలి. క్లాసులో నోరు పెగలని మనిషి కార్లో పెగిలేది. నా డ్రైవింగ్ అలాంటిది మరి. ప్రాణభయం ముందు బెల్టు భయం చాలా చిన్నదని నా వల్లే రుజువైంది. నేను కాస్త బాగా నడిపితే ఆవిడ సైలెంటయిపోయేది. అందుకని రెండు మూడుసార్లు కావాలనే గేరు తప్పు వేశాను, అది ఆవిడకి ఎప్పుడూ చెప్పలేదు.

చలికాలం వచ్చేసరికి ఎడమ, కుడి, నెమ్మది, ఆగు దాటిపోయి తిట్లలోకి వెళ్ళాం. సిగ్నల్ ఇవ్వకుండా మలుపు తిరిగేవాళ్ళకీ, రోడ్డుకి అడ్డంగా నడిచే సీగల్ పక్షులకీ, ఎర్రలైటుకీ అన్నిటికీ తలా ఒక మాట ఉండేది ఆవిడ దగ్గర. అర్థాలు అడిగితే, "చిన్నదానివి, నీకొద్దు" అనేది. నాకప్పుడు ముప్ఫై ఒకటి. ఆ ఉత్సాహంలోనే ఒక మంగళవారం క్లాసులో వంతు రాగానే ఆవిడ తన కొండా నదీ పేరూ గబగబా చెప్పేసింది. చేతులు కింద పెట్టుకోవడం కూడా మరిచిపోయింది. క్లాసంతా చప్పట్లు. మాస్టారు గోడ వైపు తిరిగి బోర్డు తుడిచాడు, బోర్డు మీద ఏమీ లేదు.

ఒక శనివారం డ్రైవింగ్ అయ్యాక టీకి మా ఇంట్లోకొచ్చింది. నేను స్టవ్ వెలిగించి, పనిలో పనిగా వాషింగ్ మెషిన్ నింపుతున్నాను. పిల్ల గౌన్లు, మా ఆయన చొక్కాలు, వంటింటి తుడుపుగుడ్డలు.

"ఆపు!" అంది ఆంటీ, రౌండబౌట్ గొంతుతో.

ఏమైందో అర్థంకాక చేతులెత్తేశాను. ఆవిడ లేచొచ్చి మెషిన్‌లోంచి తుడుపుగుడ్డలు ఒక్కొక్కటే రెండు వేళ్ళతో పట్టుకుని బయటికి తీసింది. తినే గిన్నె తుడిచే గుడ్డా, ఒంటిమీది బట్టా ఒకేచోట ఉతుకుతావా అని నిలదీసింది. అన్నం పెట్టే బల్ల మీద కూర్చోకూడదు, తల పెట్టుకునే దిండు మీద కూర్చోకూడదు అని ఇంకో నాలుగు కూడా అంటించింది.

చూడండి నా ఖర్మ! మా అవ్వ మడి కట్టుకుంటే మేం పిల్లలం వంటింటి గడపవతలే నిలబడేవాళ్ళం. ఎంగిలి, మైల, అంటు అని ఊపిరాడనివ్వని ఇంట్లో పెరిగినదాన్ని. సముద్రాలు దాటొచ్చి ఒక మావోరీ ఆంటీ చేత శుభ్రం గురించి చీవాట్లు తిన్నాను. ఆ సాయంత్రం ఫోన్‌లో అమ్మకి చెబితే, అమ్మ అంతా విని, మెచ్చుకుని, "ఎవురమ్మీ ఆమె? మనోళ్ళేనా?" అని అడిగింది.

ఆ శనివారమే ఇంకోటి జరిగింది. మా పిల్ల ఆకలని వచ్చింది. దానికి అరటిపండు ఒలిచి, "కమ్ బేబీ, ఈట్ యువర్ బనానా" అన్నాను. ఆంటీ టీ కప్పు కింద పెట్టింది.

"బస్సు ఎదురొచ్చినప్పుడు నువ్వు ఏ భాషలో అరిస్తివి?"

"తెలుగులో."

"మరి అరటిపండు ఇంగ్లీషులో పెడతావేం?"

రెండు భాషలైతే పిల్ల తికమకపడుతుందనీ, బళ్ళో వెనకబడుతుందనీ, మా తెలుగువాళ్ళందరూ ఇంగ్లీషే మాట్లాడిస్తున్నారనీ నాకు తోచిందంతా చెప్పాను. ఆవిడ అడ్డు రాలేదు. నా రెండు చేతులూ పట్టుకుని, అరచేతులు పైకి తిప్పి, వెలుతురు వైపు పెట్టి చూసింది.

"నిన్నెవురూ కొట్టలేదు కదా మే" అంది.

నాకు సిగ్గేసింది. ఉన్న మాట చెబుతున్నాను, అంత సిగ్గు నా జన్మలో ఎరగను. అరటిపండు పట్టుకున్న పిల్లని ఒళ్ళోకి లాక్కుని, "దా బంగారూ, తిను" అన్నాను. అది నన్ను విచిత్రంగా చూసి తినేసింది. తికమకపడలేదు.

అప్పుడు తన కూతురి సంగతి చెప్పింది ఆంటీ. "దానికి నేనే నేర్పలా. దాని చేతులు బాగుండాలనుకుంటి. బాగానే ఉండాయి చేతులు. మనిషికి మాత్రం నా మీద కోపం."

ఆ కూతుర్ని నేను ఆంటీ ఇంట్లో చూశాను. యాభై దాటిన మనిషి, ఆసుపత్రి వంటశాలలో వంట చేసేది. తల్లీకూతుళ్ళు ఒకే ఇంట్లో ఉండేవారు. పోట్లాడుకోరు, నవ్వుతూ మాట్లాడుకుంటారు, కానీ మావోరీ మాటొస్తే కూతురు గిన్నెలు గట్టిగా పెడుతుంది. ఒకసారి నాతో సింకు దగ్గర అంది, "అమ్మ నాకు కుట్టడం నేర్పింది, రొట్టెలు నేర్పింది, కారు నేర్పింది. నేను రెండుసార్లు క్లాసుల్లో చేరి ఇంటికొచ్చి ఆ భాషలో పలకరిస్తే లేచి పక్కగదిలోకి వెళ్ళిపోయింది. ఇంక మానేశాను. నాతో మాట్లాడని భాష నీతో కార్లో మాట్లాడుతోందట కదా."

నాతో మాట్లాడటం లేదు, నా డ్రైవింగుతో మాట్లాడుతోంది అన్నాను. కాస్త నవ్వింది. నవంబరులో తను కూడా వస్తాననీ, వంటింట్లోనే ఉంటాననీ చెప్పింది. అమ్మ వరండాలో మూగగా నిలబడితే తను చూడలేనంది.

రోజులు దగ్గరపడుతుంటే నాకు కంగారు. కార్లో ఒక్కసారి ఆ పిలుపు పిలిచి చూడమని ఆంటీని బతిమాలాను. ఆవిడ ముఖం మారిపోయింది.

"అది రిహార్సలు చేసుకునే పాట కాదు మే. పోయినోల్లందరూ వింటారు. వరండాలో నిలబడినప్పుడు వస్తే వస్తుంది."

రాకపోతే? అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. అలా, ఆ పిలుపు ఆవిడ గొంతులో ఉందో లేదో ఎవరికీ తెలియకుండానే నవంబరు వచ్చింది. ఈలోపు నేను రెండో ప్రయత్నంలో లైసెన్సు తెచ్చుకున్నాను. ఎడమకి తిరగమని పరీక్షాధికారి ఇంగ్లీషులో అంటే, మనసులో మావోరీలోకి మార్చుకుని మరీ తిరిగాను.

ఆంటీ ఒకరోజు ముందే వెళ్ళింది. నేను ముగ్గురు క్లాసువాళ్ళని ఎక్కించుకుని కొండదారి నేనే నడిపాను. వాళ్ళు ముగ్గురూ దారంతా ఏం మొక్కుకున్నారో వాళ్ళకే తెలియాలి. మధ్యాహ్నానికి గేటు దగ్గర చేరాం. ఆడవాళ్ళం ముందు, మగవాళ్ళు వెనక నిలబడ్డాం. మా తరఫున బదులు పిలవడానికి మాస్టారు వాళ్ళ అత్త వచ్చింది. ఎదురుగా పచ్చిక, దాని చివర ఎర్ర చెక్కడాల ఇల్లు, వరండాలో నల్లగౌనుతో ఆంటీ. పక్కనే, అవసరమైతే అందుకోడానికి, పక్క లోయ చుట్టాలావిడ.

ఆంటీ నోరు తెరిచింది. ఏమీ రాలేదు.

గాలి మాత్రం వీస్తోంది. ఎవరూ కదల్లేదు. ఆవిడ కళ్ళు మూసుకుంది, తెరిచింది. చుట్టాలావిడ మెల్లగా అర అడుగు ముందుకేసింది. నాకు పిచ్చి ఆలోచన వచ్చింది. దేవుడా, ఇప్పుడొక బస్సు ఎదురొస్తే ఎంత బాగుండును!

అప్పుడొచ్చింది గొంతు. సన్నగా మొదలైంది, మధ్యలో జీరపోయి ఆగిపోతుందేమో అనిపించింది, ఆగలేదు. పైకి లేచి, పచ్చికంతా దాటి మా దాకా వచ్చింది. మాటకి మాట నాకు అర్థమైంది. రండి, దూరం నుంచి వచ్చినవాళ్ళారా రండి. మీ కొండలతో రండి. మీవాళ్ళలో పోయినవాళ్ళని కూడా తీసుకుని రండి.

మా ముందు నుంచి బదులు పిలుపు లేచింది, మేం నడిచాం. నేను ఏడుస్తూ నడిచాను. మా అవ్వ కూడా మడిచీర కట్టుకుని, పక్కనెవరూ తగలకుండా కొంగు దగ్గరికి తీసుకుంటూ నా వెనకే వచ్చిందని నాకు నమ్మకం. ఈ దేశంలో అడుగుపెట్టి మూడేళ్ళయినా, నన్ను ఎవరైనా ఇంట్లోకి పిలిచారనిపించింది ఆ రోజే.

ప్రసంగాలయ్యాయి, పాటలయ్యాయి. వరసలో నిలబడి అందరితో ముక్కూ నుదురూ ఆనించి పలకరింపులయ్యాయి. ఆంటీ దగ్గరికొచ్చేసరికి ఆవిడ నా బుగ్గ గిల్లి, "కొండ మీద గేరు సరిగ్గా వేస్తివా?" అంది. చుట్టాలావిడ అందరికన్నా పెద్దగా నవ్వుతోంది. ఇంక తన మోకాళ్ళకి విశ్రాంతి అని చెప్పింది. భోజనాలకి రమ్మని లోపల గంట కొట్టారు. అందరం అటు కదిలాం.

ఆంటీ కదల్లేదు. వంటింటి వైపు చూస్తోంది. అక్కడ గుమ్మంలో కూతురు నిలబడి ఉంది, ఏప్రన్ మీద పిండి, మోచేతుల దాకా పిండి. ఎప్పట్నుంచి నిలబడిందో తెలీదు.

ఆంటీ మళ్ళీ వరండా మధ్యలోకొచ్చి నిలబడింది. మళ్ళీ గొంతెత్తింది. ఈసారి ఎక్కడా జీరపోలేదు. కూతురి పేరు పెట్టి పిలిచింది. భోజనాలకి వెళ్తున్నవాళ్ళందరం ఎక్కడివాళ్ళం అక్కడ ఆగిపోయాం.

"ఏంటమ్మా ఇది" అంది కూతురు ఇంగ్లీషులో. "నేను ఈ ఇంటిదాన్ని కదా. ఇంటివాళ్ళని ఎవరైనా పిలుస్తారా?"

"అందరికన్నా ముందు పిలవాల్సింది నిన్నే" అంది ఆంటీ. "యాభై ఏండ్లు గేటు బయట నిలబెట్టినా. రా."

కూతురు ఏప్రన్ విప్పి గుమ్మానికి తగిలించింది. మా అందరి ముందు నుంచి నడుచుకుంటూ గేటు దాకా వెళ్ళింది. బయటికి వెళ్ళి, ఇటు తిరిగి నిలబడింది. అలా ఒంటరిగా రానివ్వకూడదని మా క్లాసు ఆడవాళ్ళం గబగబా వెళ్ళి ఆమె వెనక నిలబడ్డాం. ఆంటీ ఇంకోసారి పిలిచింది. జవాబు పిలుపు కూతురికి రాదు. ఆమె తను మానేసిన క్లాసుల్లోంచి మిగిలిన మాటలు వెతుక్కుని, మావోరీలో, మామూలు గొంతుతో, "వస్తున్నానమ్మా" అంది.

పిలిచినవాళ్ళు వచ్చేదాకా వరండాలోనే ఉండాలి. ఆంటీ ఉండలేదు. మెట్లు దిగి, గౌను రెండు చేతులా ఎత్తిపట్టుకుని, పచ్చిక మీద పరుగెత్తుకొచ్చింది. మధ్యలోనే ఇద్దరూ ముక్కూ నుదురూ ఆనించుకుని నిలబడ్డారు. ఇద్దరూ ఆ భాషలోనే ఏవో చెప్పుకున్నారు, ఆ మాటలు నాకు వినపడలేదు, వినాల్సినవీ కావు. విడివడేసరికి ఆంటీ నల్లగౌను వీపంతా తెల్లటి పిండి. నేను రుమాలు తీసి తుడవబోయాను.

"ఉండనీ మే" అని నా చెయ్యి తోసేసింది. "పద, నాకు ఆకలేస్తాంది."